బండి కప్పు మీది శీతల యంత్రము – దాని నుండి కారు నీరు

వంట, పడక, స్నానము అన్నిటికిని వసతి కల్పించి, ఒక చిన్న ఇంటినే మోటారు బండిలో అమర్చుకొని ఊరూర తిరుగు పద్ధతి పాశ్చాత్య దేశములలో చాల కాలముగా నున్నది. ఇట్టి బండిని మోటారు ఇల్లు అనవచ్చును. ఈ మధ్య కాలమున మన దేశమునందును ఇవి యాత్రా స్థలములకు పోవు దారులలో అక్కడక్కడ కనబడుచున్నవి. దీని లోపల చల్లదనము నిచ్చు యంత్రమును సామాన్యముగా కప్పు మీదనే బిగింతురు. మన ఎ.సి. బస్సులలో అనేకములకును అంతే. 1932లో నిజాము రాష్ట్రపు రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ప్రారంభమైననాడు కిటికీ గాలియే ప్రయాణికునికి శీతల యంత్రము. నేడు కప్పు మీద యంత్రము వచ్చినది. దానితోపాటు ఒక చిక్కును వచ్చినది. వర్షము లేకున్నను ఒక్కొక్కప్పుడు కప్పు నుండి నీరు కారి పడక మీదనో, ప్రయాణికుని తల మీదనో పడును.

ఇది చిన్న చిక్కుగా తోచును గాని కాదు. ఆ నీరు కప్పు లోపలి చెక్కను నానబెట్టి కుళ్లబెట్టును, బూజును పెంచును, విద్యుత్తు తీగెల అతుకుల వద్దకు చేరినచో ప్రమాదము తెచ్చును. కారణము తెలియక కప్పంతయు తారు, జిగురు పూసినచో నీరు ఆగకపోగా లోపలనే చిక్కుకొని మరింత హాని చేయును. కావున ముందుగా తెలిసికొనవలసినది, ఈ నీరు ఎక్కడిది?

కుండ చెమట, చెంబు చెమట

వేసవిలో మట్టికుండ పైభాగము తడిగా నుండును. మంచుముక్కలు వేసిన స్టీలు చెంబు పైభాగమును తడిగానే యుండును. చూచుటకు రెండును ఒక్కటే; కాని కారణములు వేరు. కుండ మీది తడి లోపలి నీరే. అది సన్నని రంధ్రముల గుండ బయటికి వచ్చి, ఆవిరియగుచు కుండలోని వేడిని తీసికొనిపోవును. స్టీలు చెంబునకు రంధ్రములు లేవు. దాని మీది నీరు బయటి గాలిలోనిది.

దీనిని విద్యార్థులు తరగతిలోనే నిరూపింపవచ్చును. చెంబులో మంచుముక్కలను, కుంకుమ కలిపిన నీటిని పోసి మూత పెట్టి తూచవలెను. చెంబు పైన బిందువులు పట్టిన తరువాత మరల తూచినచో బరువు పెరిగియుండును. ఆ బిందువులను తెల్లని గుడ్డతో తుడిచినచో రంగు అంటదు. కనుక అవి లోపలి నుండి వచ్చినవి కావు.

గాలిలో ఎల్లప్పుడు కొంత నీటి ఆవిరి యుండును. గాలి చల్లబడిన కొలది ఆవిరిని నిలుపుకొను శక్తి తగ్గును. ఏ ఉష్ణోగ్రత వద్ద ఆవిరి నీరుగా మారుట మొదలగునో అది తుషారాంకము. 1814లో వెల్స్ అను వైద్యుడు మంచుబిందువులను గూర్చిన గ్రంథములో, రాత్రివేళ వేడిని కోల్పోయి చల్లబడిన గడ్డి మీద దాని చుట్టునున్న గాలిలోని ఆవిరియే బిందువులగునని ప్రయోగములతో చూపెను. శీతల యంత్రములోని చల్లని గొట్టముల మీద జరుగునదియు అదియే.

యంత్రము నీటిని తీయుట దోషము కాదు; అది దాని పనిలో ఒక భాగము. 1902లో అమెరికాలో కారియర్ అను ఇంజనీరు బ్రూక్లిన్ నందలి ఒక ముద్రణాలయమునకై తన మొదటి వాయు నియంత్రణ వ్యవస్థను రూపొందించినది మనుష్యుల సుఖమునకు కాదు. గాలిలోని తేమ మారుటవలన కాగితము సాగుచు, ముడుచుకొనుచు రంగులు ఒకదానిపై ఒకటి సరిగా పడకుండెను. ఆ తేమను అదుపులో నుంచుటయే అతని లక్ష్యము.

బల్మూర్ ఎండ, బల్మూర్ వాన

నాగర్‌కర్నూలు జిల్లాలోని బల్మూర్ మండలము నల్లమల అడవులకు సమీపమున నున్నది. దాని పొరుగుననున్న అచ్చంపేట ప్రాంతము మీదుగా హైదరాబాదు నుండి శ్రీశైలమునకు పోవు రహదారి సాగును. ఇట్టి చోట ఒక మోటారు ఇంటిని రెండు వేర్వేరు ఋతువులలో నిలిపినట్లు భావించి లెక్క చూడవచ్చును.

మొదట వేసవి. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత నూటికి 20 అనుకొన్నచో తుషారాంకము సుమారు 13 డిగ్రీలు. యంత్రములోని చల్లని గొట్టము 12 డిగ్రీల వద్ద నున్నచో బయటి గాలి నుండి నీరు దాదాపు రాదు.

ఇక వానకాలము. ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు దిగినది. ఆర్ద్రత నూటికి 70కి పెరిగినది. ఇప్పుడు తుషారాంకము సుమారు 24 డిగ్రీలు. ఈ గాలిని 12 డిగ్రీలకు చల్లబరచినచో ప్రతి ఘనమీటరు నుండియు సుమారు 10 గ్రాముల నీరు దిగును. తలుపు సందుల గుండ గంటకు 50 ఘనమీటర్ల గాలి లోపలికి వచ్చినచో 500 గ్రాముల నీరు వచ్చును. విశ్రాంతిగా నున్న ఒక్కొక్క మనుష్యుడు శ్వాస, చెమటల ద్వారా గంటకు సుమారు 45 గ్రాముల నీటిని గాలికి ఇచ్చును. నలుగురికి 180 గ్రాములు. మొత్తము గంటకు 680 గ్రాములు. రాత్రి 8 గంటలలో ఐదున్నర లీటర్లకు కొంచెము తక్కువ. నలుబది మంది కూర్చున్న బస్సులో మనుష్యుల వలననే గంటకు 1.8 లీటర్ల నీరు చేరును.

ఒక కిలోగ్రాము ఆవిరి నీరుగా మారునపుడు సుమారు 2,450 కిలోజౌళ్ల గుప్తోష్ణము వెలువడును. ఆ వేడిని గూడ యంత్రమే బయటికి తోయవలెను. గంటకు ఒక లీటరు నీటిని తీయుటకు, ఒక టన్ను యంత్రపు శీతలీకరణ సామర్థ్యములో దాదాపు ఐదవ వంతు వ్యయమగును. తలుపులు, కిటికీలు బిగువుగా మూయుమని చెప్పుటలోని అర్థము ఇదియే.

వేసవిలో బాగుగా పనిచేసిన యంత్రము వానకాలములో ఉన్నట్టుండి కారుటకును కారణము ఇందులోనే యున్నది. దోషము పాతదే కావచ్చును. దానిని బయటపెట్టునంత నీరు వేసవిలో లేదు.

నీరు పోవు దారి

కప్పు మధ్యలో సుమారు 36 సెంటీమీటర్ల చదరపు రంధ్రము కోసి, దాని చుట్టును మెత్తని గ్యాస్కెట్టు పరచి, దాని మీద యంత్రమును కూర్చుండబెట్టుట పెక్కు మోటారు ఇండ్ల పద్ధతి. లోపలి నుండి పోవు నాలుగు పొడవైన బోల్టులు యంత్రమును క్రిందికి లాగి గ్యాస్కెట్టును అదిమి ఉంచును. చల్లని గొట్టముల క్రింద పళ్లెము వంటి తొట్టి యుండును. గొట్టముల మీది నీరు ఆ తొట్టిలో పడి, దాని అంచుననున్న చిన్న రంధ్రముల గుండ కప్పు మీదికి పారి, అక్కడి నుండి నేల మీద పడును. బస్సులలో నీటిని రబ్బరు గొట్టముల ద్వారా క్రిందికి దింపుదురు. బండి ప్రక్క నీరు కారుచున్నదనిన యంత్రము సరిగా నున్నదనియే అర్థము. లోపల కారినప్పుడే దారి తప్పినదని తెలిసికొనవలెను.

దారి తప్పుటకు ముఖ్య కారణములు ఐదు.

మొదటిది, తొట్టి రంధ్రములు ఆకులతో, దుమ్ముతో, పురుగుల గూళ్లతో మూసికొనిపోవుట. చెట్ల క్రింద నిలుపు బండ్లకు ఇది తరచు కలుగును. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 3 లోతుగల తొట్టిలో 5.4 లీటర్లు పట్టును. పైన లెక్కించిన ఒక రాత్రి నీరు ఇంచుమించు అంతే. కనుక మొదటి రాత్రి ఏమియు తెలియదు. రెండవ రాత్రి నీరు పొర్లి పడక మీద పడును.

రెండవది, బండి ఏటవాలుగా నుండుట. ఇరువది అడుగులకు ఒక అడుగు వాలు గల చోట బండిని నిలిపినచో, 60 సెంటీమీటర్ల తొట్టి ఒక కొన 3 సెంటీమీటర్లు పైకి లేచును. నీరు పోవు రంధ్రము ఆ పై కొననే ఉన్నచో తొట్టిలో సగము, అనగా 2.7 లీటర్లు మాత్రమే నిలుచును. రాత్రి 10 గంటలకు యంత్రమును పెట్టినవారికి 2 గంటల వేళ మెలకువ వచ్చును!

మూడవది, గ్యాస్కెట్టు నలిగి గట్టిపడుట, లేదా బోల్టులు సడలుట. దీనివలన వచ్చునది కప్పు మీద పారు నీరు. వాన నీరును, తొట్టి నుండి బయటికి పోయిన నీరును ఈ సందు గుండ మరల లోపలికి వచ్చును.

నాలుగవది, గొట్టముల మీద మంచు గడ్డకట్టుట. గాలి వడపోత ఫిల్టరు మురికితో నిండినచో గొట్టములకు తగిన గాలి తగలదు. అప్పుడు వాటి ఉష్ణోగ్రత 0 డిగ్రీలకు దిగువకు పోయి మంచు పేరుకొనును. యంత్రమును ఆపగానే ఆ మంచంతయు ఒక్కసారిగా కరగి తొట్టి పొర్లును. వాడుకలో ‘గ్యాసు’ అనబడు శీతలక ద్రవ్యము తగ్గినను ఇట్లే జరుగును.

ఐదవది, గాలి పీల్పు. ఫ్యాను గొట్టముల వైపు నుండి గాలిని లాగుచుండుటచే తొట్టి పైన పీడనము బయటికంటె కొంచెము తక్కువ కావచ్చును. పీడనములో 100 పాస్కల్‌ల భేదము ఒక సెంటీమీటరు ఎత్తు నీటిని దిగకుండ నిలుపగలదు. పుల్లతో షరబత్తు త్రాగు బాలుడు చేయునది ఇదియే. అందుకే కొన్ని యంత్రములలో నీటి గొట్టమును వంపు త్రిప్పుదురు. లేదా కొనయందు, నీటిని పోనిచ్చి గాలిని రానీయని రబ్బరు నాలుకను పెట్టుదురు. ఆ నాలుక ఊడినను, చిరిగినను నీరు లోపలనే నిలుచును.

కారణమును పట్టుకొనుట

వైద్యుడు మందు ఇచ్చుటకు ముందు ప్రశ్నలు అడుగును. ఇక్కడను అంతే. యంత్రము ఆపియున్నను వానలో కారుచున్నదా? ఐనచో గ్యాస్కెట్టు గాని, కప్పు అతుకులు గాని కారణము. వాన లేకున్నను యంత్రము నడుచునపుడు కారుచున్నదా? అది తొట్టి నీరు. బ్రేకు వేసినపుడు, మలుపు తిరిగినపుడు ఒక్కసారిగా పడుచున్నదా? తొట్టి నిండియున్నది. యంత్రము ఆపిన కొన్ని నిమిషములకు పడుచున్నదా? మంచును అనుమానింపవలెను.

నీరు పడిన చోటనే రంధ్రముండునని తలచుట పొరపాటు. కప్పు దూలము వెంట నీరు చాల దూరము పాకి, పల్లమైన చోట బిందువగును. కనుక పరీక్ష అవసరము. యంత్రమును ఆపి, విద్యుత్తును పూర్తిగా తీసివేసి, మూత విప్పి, పసుపు కలిపిన అర లీటరు నీటిని తొట్టిలో మెల్లగా పోయవలెను. కప్పు మీదికి పసుపు నీరు వెంటనే వచ్చినచో దారి తెరచియున్నది. రాకున్నచో మూసికొన్నది. లోపల పసుపు మరక కనబడినచో ఆ దారిని వెదకవలెను. వాన నీటి పరీక్షలో గొట్టముతో మొదట పల్లపు వైపు తడిపి, కొంతసేపు ఆగి, క్రమముగా పైకి పోవలెను. ఒక్కసారిగా అంతయు తడిపినచో ఏది కారణమో తెలియదు.

బాగుచేయుట

రంధ్రములు మూసికొన్నచో మెత్తని ప్లాస్టిక్ పుల్లతో చెత్తను తీసి నీటితో కడుగవలెను. ఇనుప చువ్వతో పొడిచినచో తొట్టి చిల్లుపడును. గొట్టముల మీది పలుచని రేకులు చేయి కోయును. చేతికి తొడుగు ఉండవలెను. ఫిల్టరును దుమ్ముగల దారులలో రెండు వారముల కొకసారి కడిగి, పూర్తిగా ఆరిన తరువాతనే పెట్టవలెను. మంచు పట్టినచో చాకుతో గీకక, ఫ్యానును మాత్రము నడిపి కరగనీయవలెను.

బోల్టులు సడలినచో ఒకదానిని పూర్తిగా బిగించి మరొకదానికి పోరాదు. ఎదురెదురు మూలలను కొంచెము కొంచెముగా బిగింపవలెను. రెండున్నర సెంటీమీటర్ల గ్యాస్కెట్టు దాదాపు సగమునకు అణగుట చాల నమూనాలలో తగిన కొలత. అంతకుమించి బిగించినచో కప్పే క్రిందికి వంగి, యంత్రము చుట్టును నీరు నిలుచు గుంట ఏర్పడును. గ్యాస్కెట్టు గట్టిపడినచో క్రొత్తది వేయవలసినదే. దాని చుట్టును జిగురు పూయుట తగదు. ఒక చోట లోపలికి చేరిన నీరు బయటికి పోవు దారియే మూసికొనును.

కొన్ని పనులు శిక్షణ పొందిన మెకానిక్కునకే విడువవలెను. విద్యుత్తు తీసివేసిన తరువాతను యంత్రములోని కెపాసిటరులో ఆవేశము మిగిలియుండును. శీతలక ద్రవ్యము నింపుటయు సామాన్యులు చేయదగినది కాదు. నేడు విస్తారముగా వాడబడు ఆర్-410ఎ అను ద్రవ్యము, బరువుకు బరువు చూచినచో, కార్బన్ డయాక్సైడు కంటె రెండువేల రెట్లకు పైగా భూతాపమును పెంచును. ఇట్టి ద్రవ్యముల వాడకమును తగ్గించుటకే 2016లో కిగాలీ నగరమున ప్రపంచ దేశములు మాంట్రియల్ ఒప్పందమునకు సవరణ చేసినవి. కావున దానిని గాలిలోనికి వదలరాదు.

ఈ పనులన్నిటికిని తగిన సమయము వానకాలము కాదు. మృగశిర కార్తె ప్రవేశించుటకు ముందే, కప్పు పొడిగా నున్నప్పుడే, ఒకరు నిచ్చెన పట్టుకొనగా వేరొకరు ఎక్కి తొట్టిని, ఫిల్టరును, బోల్టులను చూచుకొన్నచో రాత్రి నిద్రయు, బండి కప్పును దక్కును. యంత్రము నుండి బయటికి వచ్చు నీటిని ఒక బిందెలో పట్టి, గంటకు ఎంత వచ్చినదో ప్రతి దినము వ్రాసి పెట్టుట మంచి అలవాటు. వానకాలములో బిందెలో నీరు తగ్గి, యంత్రము మాత్రము నడుచుచునే యున్నచో, ఆ నీరు మరియొక చోట చేరుచున్నదని ముందుగనే తెలియును. పట్టిన నీరు దుమ్మును, లోహపు గొట్టములను తాకి వచ్చినది గనుక త్రాగుటకు పనికిరాదు, మొక్కలకు పోయవచ్చును.