ఒకే ఫొటో, రెండు లెక్కలు



ఎనిమిదో తరగతి దుమ్ము ప్రాజెక్టు మొదలైనప్పటి నుంచి చాలామంది ఒకటే అడుగుతున్నారు. "టీచర్, అదే ఫొటోకి నిన్న ఒక లెక్క వచ్చింది, ఇవాళ ఇంకొకటి. సాఫ్ట్‌వేర్ పాడైందా?"

పాడవలేదండీ. పిల్లలు తెల్ల కార్డుకి పల్చగా వాజలీన్ రాసి, ఒకటి దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వైపు, ఇంకొకటి ఎల్బీనగర్‌లో కాలనీ లోపల ఒక రోజు ఉంచారు. ఆ కార్డుల ఫొటోలు తీసి ఇమేజ్‌జేలో దుమ్ము కణాలు లెక్కపెడుతున్నారు. అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ల్యాబుల్లో కణాలు లెక్కపెట్టడానికీ దీన్నే వాడతారు.

దానికి దుమ్మంటే ఏమిటో తెలియదు. ఫొటోను 8-బిట్‌లోకి మార్చాక ప్రతి పిక్సెల్‌కీ 0 (నలుపు) నుంచి 255 (తెలుపు) వరకు ఒక అంకె ఉంటుంది. ఎంత నలుపు ఉంటే దుమ్ము అనాలో మనమే చెప్పాలి. అదే థ్రెషోల్డ్. తక్కువ పెడితే బాగా నల్లటి చుక్కలే లెక్కలోకి వస్తాయి. మరీ పెంచితే బాల్కనీ గ్రిల్ నీడ కూడా దుమ్మైపోతుంది. జల్లెడ మారిస్తే కింద పడే పిండి మారినట్టే.

తర్వాత కనీస సైజు. దాన్ని సున్నా దగ్గరే వదిలేస్తే, రాత్రి ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటోలోని గరుకుదనం కూడా కణాలుగా లెక్కపడుతుంది. అంటుకున్న కణాలను విడదీసే వాటర్‌షెడ్ కూడా ఉంది గానీ, అది పొడవాటి నూలుపోగును ముక్కలు చేసి నాలుగైదుగా చూపించగలదు. మన ఇళ్ల దగ్గర పావురాల ఈకలకు కొదవ లేదు కాబట్టి దాన్ని వాడొద్దన్నాను.

ఒక అబ్బాయికి మెయిన్ రోడ్డు కార్డులోనే తక్కువ వచ్చింది. "అలా ఎలా వస్తుంది?" అని ఇంట్లో పెద్దవాళ్లు ఆ ఒక్క ఫొటోకే థ్రెషోల్డ్ పెంచి లెక్క "సరిచేశారు". విచారిస్తే తెలిసింది, మెయిన్ రోడ్డు కార్డు నాలుగో అంతస్తులో ఉంది. కాలనీ కార్డు గేటు పక్కన, ఎదురుగా ఇల్లు కడుతున్నారు. ఆ అబ్బాయి కనిపెట్టిన అసలు సంగతి అదే, మనం చెరిపేశాం. మార్కులు మొదటి లెక్కకే వేశాను.

ఇంకో ముఖ్యమైన మాట. 10 సెంటీమీటర్ల కార్డు 4,000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో నిండుగా వస్తే, ఒక పిక్సెల్ అంటే 25 మైక్రోమీటర్లు. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే పీఎం 2.5 కణాలు అందులో పదోవంతుకు మించవు. ఏ సెట్టింగు మార్చినా అవి ఈ ఫొటోలో కనబడవు. కార్డులో తక్కువ వచ్చింది కదా అని ఆయాసం ఉన్న పిల్లల విషయంలో దయచేసి ధీమా పడకండి.

ఈసారి రెండు కార్డులకూ ఒకే ఫోను, ఒకే దూరం, పగటి వెలుతురు, ఫ్లాష్ వద్దు. బయట పెట్టని ఖాళీ కార్డును కూడా ఫొటో తీయించండి. అందులో దాదాపు ఏమీ లెక్కపడని చోట థ్రెషోల్డ్, కనీస సైజు ఖాయం చేసి, ఆ అంకెలు రికార్డు బుక్ మొదటి పేజీలో రాయించండి. ఆ తర్వాత వాటిని ముట్టుకోవద్దు.