గింజలో పిండి, గడ్డిలో పీచు

సార్వా ధాన్యము ఇంటికి చేరగానే చేలో మిగిలిన గడ్డి మనకు భారముగా తోచును. కోత యంత్రము వెళ్లిన చేలో, దాళ్వాకు వేళ మించుచున్నదని నిప్పు పెట్టువారును గలరు. కాని గింజలోని పిండియు, గడ్డిలోని పీచును ఒకే సరకుతో తయారైనవని రైతు సోదరులు గుర్తించవలెను.

వరి ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేళ్లు తెచ్చిన నీటిని సూర్యరశ్మి సాయమున చక్కెరగా మార్చును. అందు ముఖ్యమైనది గ్లూకోజు. గ్లూకోజు అణువులు వందలు, వేలు గొలుసుగా చేరును. చేరిన తీరునుబట్టి గుణము మారును.

ఒక తీరున చేరినచో స్టార్చి. ఇది నిలువ ఆహారము. మొలక తన ఆకు వేయువరకు దీనిపైననే బ్రతుకును. ఇందు అమైలోజు పాలు ఎక్కువైన బియ్యము పొడిపొడిగా ఉడుకును, తక్కువైనది ముద్దగును. మన కాలేయములో, కండరములలో నిలువయుండు గ్లైకోజనును ఈ జాతిదే.

మరొక తీరున చేరినచో సెల్యులోజు. ఇది కణముల గోడలకు పట్టుగొమ్మ. లిగ్నిను, సిలికా దీనికి తోడై కాడను నిలబెట్టును. రొయ్య పెంకులోని చిటిను కూడ ఇట్టి గొలుసే.

నత్రజని మితిమీరినచో కాడ పొడవుగా సాగి, గోడలు పలుచనై, చేను పడిపోవును. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానువంటి దానికి ఏ కాడయు నిలువదు. సాధారణపు గాలివానకైనను నిలువవలెనన్న, నత్రజనిని దఫాలుగా, పొటాషుతో కలిపి సిఫారసు మేరకే వేయవలెను.

సెల్యులోజును అరిగించుకొను శక్తి మనకు లేదు. పశువు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు ఆ పని చేయును. అయితే లిగ్నిను అడ్డుపడును. ఆ కట్టు సడలించుటకు, 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50 నుండి 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరపొరకు చల్లి, గాలి చొరకుండ టార్పాలినుతో 3 వారములు కప్పవలెను. తీసిన గడ్డిని ఘాటు పోవువరకు ఆరబెట్టి, మొదట కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. 6 నెలలలోపు దూడలకు పెట్టరాదు. యూరియా నీటిని పశువులకు అందనీయరాదు, ప్రాణాపాయము.

టన్ను గడ్డిలో ఇంచుమించు 5 నుండి 8 కిలోల నత్రజని గలదు. కాల్చినచో అది దాదాపు అంతయు పొగలో పోవును. కలియదున్నినచో చేనికే దక్కును. అయితే గడ్డి చివుకునప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తాత్కాలికముగా లాగికొనును. నాటిన పైరు పాలిపోవును. కావున నాట్లకు 2, 3 వారముల ముందే దున్నవలెను. అంత వ్యవధి లేనిచో గడ్డిని గట్టుకు చేర్చి మేటు వేయుడు. నిప్పు మాత్రము పెట్టకుడు. గింజ మన ఆకలి తీర్చును. గడ్డి పశువు ఆకలిని, నేల ఆకలిని తీర్చును.