నేపాళ మాంత్రికుడు మనకు నేర్పే పాఠాలు

సంఘ పత్రికలో సినిమా దుష్టుని గూర్చి వ్యాసం ఏమిటని పెద్దలు కొందరు అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సినిమాకు వెళ్ళకూడదనే నియమంతో పిల్లలను పెంచిన విశ్వాస కుటుంబాలు మన పల్లెల్లో అనేకం. ఆ నియమాన్ని చులకన చేయడం మా ఉద్దేశం కాదు. అయితే మన ప్రభువు తన శిష్యులకు బుద్ధి చెప్పడానికి ఒకసారి యజమానుని ఆస్తి పాడుచేసిన గృహనిర్వాహకుని కథ చెప్పాడు (లూకా 16). మరొకసారి దేవునికి భయపడని న్యాయాధిపతి కథ చెప్పాడు (లూకా 18). చెడ్డవాని కథలోనుండి కూడా మంచి పాఠం తీయవచ్చునని ఆయనే మనకు చూపించాడు. ఆ ధైర్యంతోనే ఈ నెల, తెలుగు ఇళ్ళలో తరతరాలుగా తెలిసిన ఒక దుష్టుణ్ణి మీ ముందుకు తెస్తున్నాము.

అతడే 'పాతాళ భైరవి' చిత్రంలోని నేపాళ మాంత్రికుడు.

ఆ చిత్రం 1951లో విడుదలైంది. విజయా సంస్థ తరపున నాగిరెడ్డి, చక్రపాణి గార్లు నిర్మించగా కె.వి. రెడ్డిగారు దర్శకత్వం వహించారు. పింగళి నాగేంద్రరావుగారు మాటలు వ్రాశారు. తోటరాముడుగా ఎన్.టి. రామారావుగారు, మాంత్రికుడుగా ఎస్.వి. రంగారావుగారు నటించారు. 1918లో నూజివీడులో పుట్టిన రంగారావుగారికి అప్పటికి 33 ఏళ్ళు కూడా నిండలేదు. అయినా ఆ గడ్డం, ఆ చూపు, ఆ నిదానమైన గొంతు చూసినవారు మరచిపోలేకపోయారు. ఎదుటివాణ్ణి 'డింభకా' అని అతడు పిలిచే పిలుపు సినిమా చూడనివారి నోట కూడా పడింది. డింభకుడంటే పిల్లవాడు. ఎంత ముద్దయిన పిలుపు! ఆ ముద్దు వెనుక ఏమున్నదో చూద్దాము.

కథ క్లుప్తంగా ఇది. ఉజ్జయినిలో తోటపని చేసుకునే తల్లి కొడుకు రాముడు. రాజకుమారిని ప్రేమించాడు. నాతో సమానమైన సంపద తెస్తే పిల్లనిస్తానన్నాడు రాజు. అదే సమయానికి మాంత్రికుడు ఆ ఊరు వచ్చాడు. సాహసమూ తెలివీ గల యువకుణ్ణి పాతాళ భైరవికి బలియిస్తే, కోరినదల్లా ఇచ్చే ప్రతిమ అతనికి దక్కుతుంది. సంపద వచ్చే దారి చూపిస్తానని రాముణ్ణి గుహకు తీసుకుపోయాడు.

ఈ కథలోని దేవత, మంత్రాలు, ప్రతిమ మన విశ్వాసానికి చెందినవి కావు. వాటిని కథలోని సంగతులుగానే చెబుతున్నాము. కాని మనుష్యుని హృదయం ఎలా పట్టుబడుతుందో ఈ కథ చక్కగా చూపిస్తుంది. మనకు కావలసింది అదే.

ముందు మెచ్చుకున్నాడు

మాంత్రికునికి రాముని మీద పగ లేదు. కోపం లేదు. నిజానికి రాముణ్ణి అతడు మెచ్చుకున్నాడు. నీవంటి ధైర్యశాలి వేరొకడు లేడన్నట్టు మాట్లాడాడు. జాతరలో మేకపోతును బలియిచ్చేముందు దానికి స్నానం చేయించి, మెడలో దండ వేస్తారు కదా! ఆ మెప్పు అటువంటిదే.

ఇంకొక సంగతి గమనించండి. రాముని కోరిక చెడ్డది కాదు. పెళ్ళి చేసుకోవాలనుకున్నాడు. దానికి డబ్బు కావలసివచ్చింది. మాంత్రికుడు క్రొత్త కోరిక ఏదీ అతనిలో పుట్టించలేదు. ఉన్న కోరికనే పట్టుకున్నాడు. కొడవలికి పిడి ఉన్నట్టు మన కోరికకూ ఒక పిడి ఉంటుంది. ఆ పిడి ఎవరి చేతికి చిక్కితే వారు మనలను ఎటు కావాలంటే అటు త్రిప్పగలరు. ప్రతివాడు తన స్వంత దురాశ చేతనే ఈడ్వబడతాడని యాకోబు భక్తుడు వ్రాసిన మాటకు అర్థం ఇదే (యాకోబు 1:14). అరణ్యంలో సాతాను ప్రభువు యొద్దకు వచ్చినప్పుడు కూడా మొదట ఆయన ఆకలినే పట్టుకోబోయాడు (మత్తయి 4). ఆకలి పాపం కాదు. కాని ఆ ఆకలిని ఎవరి చేతిలో పెట్టాలో ప్రభువుకు తెలుసు. తండ్రి చేతిలోనే పెట్టాడు.

కొన్నేళ్ళ క్రితం ఒక పల్లెలో గృహ ప్రార్థనకు వెళ్ళాము. ప్రార్థన ముగిసిన తరువాత ఆ ఇంటి తల్లి మమ్మును పెరట్లోకి పిలిచింది. ఆమె చెవులకు కమ్మలు లేవు. వేపపుల్లలు ఉన్నాయి.

"అయ్యగారూ, ఈ సంగతి సంఘంలో ఎవరికీ చెప్పలేదండీ. ఒకడొచ్చి మా చేలో లంకెబిందెలు ఉన్నాయన్నాడు. అవి మాకే రాసిపెట్టి ఉన్నాయన్నాడు. పిల్ల పెళ్ళి ముందుంది కదా, ఆశపడ్డామండీ" అని ఏడ్చింది.

మొదట ఖర్చులకని కొంత అడిగాడట. తరువాత కమ్మలు అడిగాడు. ఆ తరువాత చేను తాకట్టు పెట్టించాడు. అమావాస్య రాత్రి తవ్విస్తానన్నవాడు అమావాస్యకు ముందే మాయమయ్యాడు. సిగ్గుతో ఆ ఇంటి యజమాని ఆరాధనకు రావడం మానేశాడు. మేము వెళ్ళి అతని మంచం ప్రక్కన కూర్చున్నాము. చాలాసేపటికి ఒక్క మాట అన్నాడు.

"వాడు గద్దించి అడిగుంటే తన్ని తరిమేవాణ్ణి అయ్యగారూ. నీ అంత గుండె ధైర్యమున్న మగాడు ఈ ఊళ్ళో లేడని అడిగాడు."

తోటరాముడు విన్న మాట, అతడు విన్న మాట ఒక్కటే. ప్రియులారా, లంకెబిందెల కబురు చెప్పేవాడు నేడు మన ఇంటికి రానక్కరలేదు. సెల్‌ఫోనులోనే పలుకుతాడు. మీకు లాటరీ తగిలిందంటాడు. గల్ఫులో ఉద్యోగమంటాడు. నలుగురిని చేర్పిస్తే నెలకింత వస్తుందంటాడు. గొలుసుకట్టు పథకాలను నిషేధిస్తూ 1978లోనే చట్టం వచ్చింది. భూమిలో నిధి దొరికితే, దాని విలువ పది రూపాయలు దాటితే, కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతున్నది. రహస్యంగా చీకట్లో తవ్వించేవాడు ఆ మాట మీకు చెప్పడు. ఫోనులో మోసపోతే వెంటనే 1930 నంబరుకు తెలియజేయండి. సిగ్గుపడి దాచుకోకండి. మన మౌనమే ఆ మోసగానికి బలం.

తాను కట్టిన బలిపీఠం మీద తానే

కథలో రాముడు ఎలా తప్పించుకున్నాడు? బలికి ముందు స్నానానికి కొలనులో దిగినప్పుడు ఒక మొసలి పట్టుకుంది. రాముడు దానిని చంపగా, అది శాపం తీరిన అప్సరసగా మారి, మాంత్రికుని ఆలోచన బయటపెట్టింది. రాముడు ఉపాయంతో ఆ మాంత్రికుణ్ణే బలియిచ్చాడు. ఇతరుని మెడకని సిద్ధపరచిన కత్తి తన మెడ మీదనే పడింది.

ఎస్తేరు గ్రంథం చదివినవారికి ఇక్కడ హామాను జ్ఞాపకం వస్తాడు. మొర్దెకైని వ్రేలాడదీయాలని యాభై మూరల ఎత్తు ఉరికొయ్య చేయించాడు. చివరకు దాని మీద వ్రేలాడింది తానే (ఎస్తేరు 7). పొరుగువాని సరిహద్దు రాయి జరిపేవానికీ, అబద్ధపు సాక్ష్యం చెప్పేవానికీ, మోసపు పత్రం వ్రాయించేవానికీ ఇది హెచ్చరిక. మనం కట్టే బలిపీఠాన్ని దేవుడు చూస్తున్నాడు.

చచ్చాడనుకున్నవాడు లేచి వచ్చాడు

కథ అక్కడితో అయిపోలేదు. ప్రతిమ రాముని చేతికి వచ్చింది. సంపద వచ్చింది. పెళ్ళి సందడి మొదలైంది. ఇక భయం లేదనుకున్నారు. కాని గుహలో మాంత్రికుని శవాన్ని అతని శిష్యుడు చూశాడు. మూలికతో బ్రతికించాడు. మాంత్రికుడు తిరిగి ఉజ్జయినికి వచ్చాడు. ఈసారి రాముని జోలికి నేరుగా పోలేదు. రాజకుమారి మీద ఆశపడి భంగపడిన రాణిగారి తమ్ముణ్ణి పట్టుకున్నాడు. వానిచేత ప్రతిమను దొంగిలింపజేశాడు. క్షణంలో సంపద పోయింది. రాజకుమారిని కూడా ఎత్తుకుపోయాడు.

విడిచిపెట్టామనుకున్న పాపం ఇలాగే తిరిగి వస్తుంది. ఇల్లు ఊడ్చి అలంకరించి ఖాళీగా ఉంచితే, వెళ్ళిపోయిన అపవిత్రాత్మ మరి ఏడుగురిని వెంటబెట్టుకొని వస్తుందని ప్రభువు హెచ్చరించాడు (లూకా 11). బాప్తిస్మమప్పుడు సారా మానిన సహోదరుడు, పెళ్ళి సందడిలో ఒక్క గుక్కే కదా అనుకోవడం మనం చూడలేదా? మెలకువగా ఉండవలసింది కష్టకాలంలో మాత్రమే కాదు. పందిట్లో మేళం మ్రోగుతున్నప్పుడు కూడా.

మరొకటి. శత్రువు లోపలికి వచ్చింది ఇంటివాని చేదు మనస్సు గుండానే. మన ఇంట్లో నొచ్చుకొని మూలన కూర్చున్న మరిది, మాట పడిన కోడలు, చిన్నబుచ్చబడిన తమ్ముడు ఉన్నారా? సూర్యుడు అస్తమించకముందే వెళ్ళి మాట కలపండి.

గడ్డంతోపాటు బలమూ పోయింది

ఇప్పుడు కథలోని ముఖ్యమైన సంగతికి వద్దాము. మాంత్రికుని శక్తి అంతా అతని గడ్డంలో ఉన్నది. దానిని ఎవరూ బలవంతంగా తీయలేరు. రాముని స్నేహితుడు అంజి, మాంత్రికుని శిష్యుని వేషంలో వెళ్ళి, ఆ గడ్డం తీసేస్తే రాజకుమారి ఇష్టపడుతుందని నమ్మించాడు. లోకమంతటినీ మోసగించినవాడు ఒక్క మాటకు లొంగిపోయాడు. గడ్డం తీయించుకున్నాడు. శక్తి పోయింది. రాముడు ప్రతిమను తిరిగి చేజిక్కించుకున్నాడు. దుష్టుని కథ ముగిసింది.

రాముణ్ణి అతడు ఏ పిడి పట్టుకొని లాగాడో, చివరకు ఆ పిడి పట్టుకొనే అతణ్ణీ లాగారు. రాజకుమారి మీద ఆశ! ఇతరుల బలహీనతలు లెక్కపెట్టడంలో ఆరితేరినవాడు తన బలహీనతను చూసుకోలేదు. సమ్సోను సంగతి కూడా ఇంతే కదా (న్యాయాధిపతులు 16). సింహాన్ని చీల్చినవాడు, ఫిలిష్తీయుల సేనలకు జంకనివాడు, దెలీలా ఒడిలో తల పెట్టి నిద్రపోయాడు. బలవంతుడు పడిపోవడానికి పెద్ద సైన్యం అక్కరలేదు. చిన్న మంగలికత్తి చాలు.

మనలోని మాంత్రికుడు

దుష్టుని కథ చెప్పుకుంటున్నప్పుడు మనం ఎప్పుడూ రాముని ప్రక్కన నిలబడతాము. ఒక్కసారి అవతలి ప్రక్కకు కూడా చూద్దాము. మాంత్రికుని పాపానికి మూలం ఏమిటి? ఒక తల్లి కన్న బిడ్డను చూసి, 'వీడు నాకు ఎందుకు పనికివస్తాడు?' అని లెక్క వేసుకోవడం.

ఆ లెక్క మన ఇళ్ళలో లేదా? కోడలిని కట్నం సంచిగా చూసినప్పుడు మనం ఎవరిలా ఉన్నాము? బడికి పోవలసిన పిల్లవాణ్ణి కూలి డబ్బుల కొరకు పంపినప్పుడు? ఓటు కొరకు, సంతకం కొరకు, సంఘంలో పెద్దరికం కొరకు మాత్రమే ఒక సహోదరుణ్ణి ప్రేమగా పలుకరించినప్పుడు? పెదవుల మీద 'నాయనా' అనే పిలుపు, మనసులో లెక్క. డింభకా అన్న పిలుపుకూ దీనికీ తేడా ఎంత?

సినిమాలో దుష్టునికి మారుమనస్సు లేదు. చివరి దృశ్యంలో అతడు చావవలసిందే. దేవుని వాక్యంలో అలా కాదు. సమరయలో గారడీ చేసే సీమోను, దేవుని వరాన్ని డబ్బిచ్చి కొనాలనుకున్నాడు. పేతురు కఠినంగా గద్దించాడు. కాని ఆ గద్దింపులోనే మారుమనస్సు పొందమనే పిలుపు ఉన్నది. సీమోను కూడా నా కొరకు ప్రార్థించండని బ్రతిమాలుకున్నాడు (అపొస్తలుల కార్యములు 8). తలుపు అతనికి మూయబడలేదు. మనకూ మూయబడలేదు.

మాంత్రికుడు తన లాభం కొరకు పరాయి తల్లి బిడ్డను బలియివ్వబోయాడు. మన దేవుడు మన రక్షణ కొరకు తన స్వంత కుమారుణ్ణే ఇచ్చాడు. ఆ సిలువ దగ్గర మన కోరికలన్నిటినీ ఆయన చేతిలో పెడదాము. ఆయన చేతిలో ఉన్న పిడిని ఏ మాంత్రికుడూ లాగుకోలేడు.

వేపపుల్లలు పెట్టుకున్న ఆ తల్లి ఇంటి అప్పు తీరడానికి మూడు పంటలు పట్టింది. కమ్మలు ఇంకా రాలేదు. అయితే ఇంటి యజమాని తిరిగి ఆరాధనకు వస్తున్నాడు. ఒక ఆదివారం సాక్ష్యంలో లేచి, జరిగినదంతా తన నోటితోనే చెప్పాడు. ఆ సాక్ష్యం విన్న మరొక కుటుంబం, ఇవ్వడానికి సిద్ధపరచుకున్న డబ్బును ఇవ్వకుండా దాచుకున్నది.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:

1. మన ఇంట్లో ఇప్పుడు అన్నిటికంటె బలంగా ఉన్న కోరిక ఏది? దానిని గూర్చి ప్రభువుతో మాట్లాడామా?

2. మనలను ఎక్కువగా పొగిడే మనిషి మన వద్ద ఏమైనా అడుగుతున్నాడా?

3. మన ఇంట్లో నొచ్చుకొని మౌనంగా ఉన్నవారెవరు? ఈ రాత్రి ముందుగా వెళ్ళి పలుకరించవలసినది ఎవరు?

చదువవలసిన వాక్యభాగములు: యాకోబు 1:12–15, ఎస్తేరు 7, లూకా 11:24–26.