భీమిలి పాత ఊళ్లో పేతురు గుడి

విమానాశ్రయం పుణ్యమా అని భోగాపురం పేరు ఊరూరా తెలిసింది. అక్కడికి పాతిక కిలోమీటర్లలోపే, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట, నూట అరవై ఏళ్లు దాటిన చర్చి ఒకటుంది. బీచ్‌కి పరుగెత్తే మనం దాన్ని దాటుకుని వెళ్లిపోతున్నాం.

భోగాపురం దగ్గర జాతీయ రహదారి మీద ఎవరిని కదిపినా ఇప్పుడు విమానాశ్రయం మాటే. 2023 మే 3న అల్లూరి సీతారామరాజు పేరిట శంకుస్థాపన జరిగిన దగ్గర్నుంచి చుట్టుపక్కల పొలాల రూపే మారిపోయింది. ఎకరం ధర ఎంత, రోడ్డు ఎటు పడుతుంది, హోటల్ ఎక్కడ లేస్తుంది... టీ కొట్టు దగ్గర కబుర్లన్నీ వీటి చుట్టూనే. రేపు ఇక్కడ విమానం దిగే అతిథి మనల్ని అడగబోయే మొదటి మాట మాత్రం వేరు: ‘మీ దగ్గర చూడాల్సినవి ఏమున్నాయి?’

సముద్రం ఉందని చెబుతాం. నిజమే. కానీ సముద్రం చాలా ఊళ్లకు ఉంది. ఆ సముద్రం మీదుగా వచ్చిన మనుషులు ఏం తెచ్చారు, ఏం వదిలిపోయారు, వదిలినదాన్ని మనం ఎలా మనది చేసుకున్నాం అన్నది చూపించగల ఊళ్లు కొన్నే. అలాంటి ఊరు మనకు భీమిలి.

భోగాపురం నుంచి విశాఖ వైపు బయల్దేరి, రాజాపులోవ దాటి తగరపువలస చేరాలి. అక్కడ హైవే వదిలి చిట్టివలస మీదుగా ఎడమకు తిరిగితే భీమునిపట్నం. కార్లూ బైకులూ చాలావరకు ఆగకుండా తీరానికే పోతాయి. మీరు కాస్త ముందే ఆగి పాత ఊళ్లోకి నడవండి. గంటస్తంభం, పాత బంగళాలు, లైట్‌హౌస్... ఈ పరిసరాల్లోనే ఉంది సెయింట్ పీటర్స్ చర్చి. 1864 నాటిది.

రేవు కట్టిన ఊరు

చర్చి ఇక్కడికి ఎందుకొచ్చిందో తెలియాలంటే రేవు సంగతి తెలియాలి. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు భీమిలిలో వర్తక స్థావరం పెట్టారు. మన నేత గుడ్డలకు అప్పట్లో తూర్పు దీవుల్లో ఎంతో గిరాకీ. 1754లో మరాఠా దండు ఆ స్థావరాన్ని కొల్లగొట్టింది. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లకూ డచ్చివాళ్లకూ మధ్య ఊరు చేతులు మారుతూ వచ్చి, చివరకు 1825లో పూర్తిగా ఇంగ్లీషు పాలన కిందకు వెళ్లింది.

డచ్చివాళ్ల కాలం ఇప్పటికీ కళ్లకు కనిపించేది వాళ్ల శ్మశానంలోనే. ఊళ్లోని ఆ పాత సమాధుల తోటకు ‘హాలండర్స్ గ్రీన్’ అని పేరు. పిరమిడ్‌లా పైకి సన్నబడుతూ లేచిన కట్టడాలు అక్కడ ఉన్నాయి. వేల మైళ్లు ఓడలో వచ్చి, జ్వరాలకో సముద్రానికో చిక్కి, ఇంటి ముఖం మళ్లీ చూడకుండా ఇక్కడి మట్టిలో కలిసిపోయిన మనుషుల గుర్తులవి. వాళ్లు వర్తకులే, లాభం కోసం వచ్చినవాళ్లే. అయినా ఆ సమాధుల మధ్య నిలబడ్డప్పుడు లాభనష్టాల లెక్క గుర్తుకు రాదు.

పంతొమ్మిదో శతాబ్దంలో భీమిలి దశ తిరిగింది. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల నుంచి గోగునార, నువ్వులు, కరక్కాయలు, తోళ్లు బళ్ల మీద ఈ రేవుకే చేరేవి. మన పొలాల గోగునారకు ప్రపంచ మార్కెట్‌లో ‘బిమ్లీ జూట్’ అనే పేరు స్థిరపడింది. 1861లో భీమిలి మునిసిపాలిటీ అయ్యింది. దేశంలోని అతి పాత మునిసిపాలిటీల్లో అదొకటి. 1867లో పక్కనే చిట్టివలసలో జూట్ మిల్లు మొదలైంది. సరిగ్గా ఆ వైభవం మధ్యలో, 1864లో, ఈ చర్చి నిలబడింది. ఊళ్లో వ్యాపారం చేసే, ఉద్యోగాలు చేసే తెల్లవాళ్లకు ఆదివారం ఆరాధన కోసం కట్టిన ఆంగ్లికన్ మందిరం ఇది. మద్రాసు బిషప్‌గా ఫ్రెడరిక్ గెల్ ఉన్న రోజులవి.

ఆ వైభవం నిలవలేదు. 1893లో రైలు మార్గం విజయనగరం మీదుగా వెళ్లింది, భీమిలికి రాలేదు. 1933లో విశాఖలో కొత్త ఓడరేవు తెరుచుకుంది. సరుకు అటు మళ్లింది. చిట్టివలస మిల్లు కూడా 2009లో మూతపడింది. గోదాములు పాడుబడ్డాయి. ఊరంతా తమదే అన్నట్టు బతికిన కంపెనీల పేర్లు ఇవాళ ఎవరికీ గుర్తు లేవు. వాళ్ల కోసం కట్టిన గుడిలో మాత్రం ఇప్పటికీ ఆరాధన జరుగుతోంది, అదీ తెలుగులో. ఈ ఊళ్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించిన సంగతి ఇదే.

అద్దంలో సిలువ

లోపలికి వెళ్లినవాళ్ల చూపు ముందుగా రంగు అద్దాల మీదే పడుతుంది. సిలువ మీద క్రీస్తు. ఎండ బయటి నుంచి అద్దంలోకి దిగేకొద్దీ బొమ్మకు ప్రాణం వస్తుంది. మబ్బు పడితే రంగులు ముదురుతాయి, మబ్బు తొలగితే మళ్లీ తేలికపడతాయి. పొద్దున చూసిన బొమ్మ సాయంత్రానికి అదే బొమ్మగా ఉండదు.

ఇలాంటి అద్దం తయారీ ఎంత ఓపికతో కూడిన పనో తెలిస్తే దాని ముందు మరో నాలుగు నిమిషాలు నిలబడతాం. గాజు కరిగేటప్పుడే అందులో లోహాలు కలుపుతారు. కోబాల్ట్ నీలాన్ని ఇస్తుంది. రాగి ఆకుపచ్చనీ ఎరుపునీ ఇస్తుంది. మాంగనీసు ఊదారంగు తెస్తుంది. రంగు పైపూత కాదు, గాజులోనే ఉంటుంది. అందుకే వందేళ్లైనా వెలవదు. గాజును బొమ్మకు తగ్గట్టు ముక్కలుగా కోసి, ముఖం మీద గీతలు, బట్టల మడతలు వంటివి గాజుపొడి కలిపిన నల్లరంగుతో గీసి, బట్టీలో కాలుస్తారు. తర్వాత ఒక్కో ముక్కనీ సీసపు పట్టీల మధ్య బిగిస్తారు. బొమ్మలో మనకు నల్లగా కనిపించే గీతలు చాలావరకు ఆ సీసమే.

శుభ శుక్రవారం నాడు తెలుగు చర్చిల్లో సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద మధ్యాహ్నమంతా ప్రసంగాలు జరుగుతాయి. వినేవాళ్ల కళ్లెదుట అలాంటి అద్దం ఉంటే చదువు రాని ముసలమ్మకు కూడా వేరే వివరణ అక్కర్లేదు. యూరప్ చర్చిల్లో రంగు అద్దాలు పుట్టిన కాలంలోనూ, పుస్తకం చదవలేని జనానికి కథ చెప్పింది అవే.

చర్చికి పెట్టిన పేరులోనూ ఓ అందం ఉంది. పీటర్ అంటే మన పేతురే, గలిలయ సముద్రం ఒడ్డున వలలు వేసుకు బతికిన జాలరి. ముక్కాం, చేపల కంచేరు మొదలుకొని భీమిలి దాకా తెల్లవారకముందే పడవలు నీళ్లలోకి దిగే తీరం మనది. రాత్రంతా వల వేసినా చేప పడని కథ బైబిల్లో ఉంది. ఆ కథను ఇక్కడి గంగపుత్రులకు విడమరచి చెప్పాల్సిన అవసరం ఏ పాస్టరుగారికీ ఉండదు.

ఈ తీరాన పుట్టిన తెలుగు పుస్తకం

ఈ చర్చి కథను తెల్లవాళ్ల కథగా మాత్రమే చెప్పుకుంటే సగమే చెప్పినట్టు. మిగతా సగం తెలుగు అక్షరానిది.

1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ దే గ్రాంజ్ విశాఖపట్నం వచ్చారు. ముందు భాష నేర్చుకున్నారు. తర్వాత ఆనందరాయర్ అనే తెలుగు పండితుడి తోడుతో సువార్తలను తెలుగు చేయడానికి కూర్చున్నారు. క్రాన్ 1809లో శ్రీకాకుళంలో కన్నుమూశాడు. దే గ్రాంజ్ 1810లో పోయాడు. వాళ్లు వెళ్లిపోయాక, 1812లో, మత్తయి, మార్కు, లూకా సువార్తలు సెరాంపూర్‌లో అచ్చయ్యాయి. వాళ్ల పనిని ఎడ్వర్డ్ ప్రిచెట్ అందుకున్నాడు. ఆయన చేసిన తెలుగు కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయ్యింది.

ఈ తేదీలను పక్కన పెట్టుకుని చూడండి. సి.పి. బ్రౌన్ కడపలో అడుగుపెట్టింది 1820లో. అంతకు ముందే ఉత్తరాంధ్ర తీరాన తెలుగు వచనంలో ఇంత పెద్ద ప్రయత్నం జరిగింది. ఆ తెలుగు ఇవాళ చదివితే అక్కడక్కడా ఎగుడుదిగుడుగా ఉండొచ్చు. దాన్ని సరిదిద్దే పనిలో తర్వాతి తరాలు ఎంతో శ్రమించాయి. విశాఖలో దశాబ్దాల పాటు ఉన్న జాన్ హే వాళ్లలో ఒకడు. పద్యమే రాజ్యమేలిన కాలంలో, సామాన్యుడికి అర్థమయ్యే వచనం కోసం దొరలూ మన పండితులూ ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట మాటకూ తగువులాడుకుని ఉంటారు. ఆనందరాయర్ లాంటి పేర్లు మన సాహిత్య చరిత్ర పాఠాల్లో ఎందుకు వినపడవో నాకు అర్థం కాదు. వినపడాలి.

పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి కీర్తనలు రాశారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే ఆయన పేరు మళ్లీ మళ్లీ తగులుతుంది. మన రాగాల్లో, మన తాళాల్లో కూర్చిన ఆ పాటల్ని ఇవాళ్టికీ పాడుతున్నారు. 1870ల్లో కెనడా బాప్టిస్టులు వచ్చి భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం కేంద్రాలుగా పనిచేశారు. ఇలా సంఘాలు వేరు, పద్ధతులు వేరు. పాట మాత్రం ఒకటే అయ్యింది.

1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా, మనం సి.ఎస్.ఐ. అనే సంఘంగా ఏర్పడ్డాయి. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి నెలన్నరే. దొరల ఆంగ్లికన్ గుడి, తెలుగు కొత్త నిబంధన తెచ్చిన లండన్ మిషన్ వారసులు ఒకే గూటికి చేరిన రోజది. భీమిలి పేతురు గుడి అలా మన గుడి అయ్యింది. మట్టల ఆదివారం, కోత పండుగ, క్రిస్మస్ నక్షత్రాలు అన్నీ ఇప్పుడు ఈ గోడల మధ్య తెలుగులోనే జరుగుతాయి.

ఉప్పుగాలికి మందు గానుగ సున్నం

సముద్రం పక్కన కట్టడం నిలవడం మాటలు కాదు. గాలిలోని ఉప్పు గోడలోకి తేమతో పాటు ఇంకుతుంది. తేమ ఆరినప్పుడు ఉప్పు లోపల గట్టిపడి పలుకులు కడుతుంది. ఆ పలుకులు పెరిగి గిలాబును లోపల్నుంచి తోసేస్తాయి. కిటికీల్లోని ఇనుప కమ్మీకి తుప్పు పడితే అది ఉబ్బుతుంది. ఉబ్బిన కమ్మీ పక్కనున్న గాజునో రాయినో పగలగొడుతుంది.

పాతకాలపు మేస్త్రులకు ఇది తెలుసు. గానుగలో ఆడించిన సున్నం, ఇసుక, బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లతో మన దగ్గర గిలాబు చేసేవారు. సున్నపు గోడ తేమను బయటకు వదులుతుంది. పగులు వచ్చింది కదా అని దాని మీద సిమెంటు పూస్తే తేమకు దారి మూసుకుపోతుంది. పైకి నున్నగా కనిపిస్తూ గోడ లోపల్లోపలే పాడవుతుంది. ఉత్తరాంధ్రలో ఎన్నో పాత గుళ్లు, కోటలు, బడులు మంచి ఉద్దేశంతో వేసిన సిమెంటు వల్లే దెబ్బతిన్నాయి.

ఈ రేవు నుంచి ఓడలకెక్కి పరదేశం పోయిన కరక్కాయే, మన గోడల్ని నిలబెట్టిన సున్నంలోనూ ఉండేది. ఆ పనితనం తెలిసిన మేస్త్రులు ఇంకా మిగిలున్నప్పుడే కుర్రవాళ్లకు నేర్పించాలి. పాత కట్టడాల మరమ్మతు వాళ్లకు బతుకుతెరువు కూడా అవుతుంది.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు

ఇది మ్యూజియం కాదు, ప్రార్థన జరిగే ఇల్లు. ఆదివారం వెళితే ఆరాధన సమయానికి ముందే వెళ్లి వెనక బల్ల మీద కూర్చోండి. మీది ఏ మతమైనా సరే, పాట మొదలైతే లేచి నిలబడితే చాలు. మిగతా రోజుల్లో తలుపు వేసి ఉంటే సంఘ పెద్దలను మర్యాదగా అడగండి. ఫొటోలకు ముందే అనుమతి తీసుకోండి. ఆరాధన మధ్యలో ఫోను బయటకు తీయకండి. సమాధుల తోటలో రాళ్ల మీద కూర్చోవడం, పేర్లు చెక్కడం వద్దు. అక్కడ పడుకున్నవాళ్లూ ఎవరో తల్లుల బిడ్డలే.

అక్కణ్నుంచి పావురాళ్ల కొండ వైపు చూడండి. అక్కడ నరసింహస్వామి గుడి ఉంది, బౌద్ధుల ఆనవాళ్లూ ఉన్నాయి. బౌద్ధ భిక్షువు, వైష్ణవ భక్తుడు, డచ్చి వర్తకుడు, తెలుగు క్రైస్తవుడు వేర్వేరు కాలాల్లో ఈ ఒక్క ఊరిని తమ ఊరనుకున్నారు. ఒకే పూటలో కాలినడకన ఇంత చరిత్ర చూడగల ఊళ్లు మన తీరంలో ఎన్ని ఉన్నాయి?

అందుకే నా విన్నపం. గంటస్తంభం నుంచి చర్చికి, అక్కణ్నుంచి సమాధుల తోటకి, లైట్‌హౌస్‌కి దారి చూపే తెలుగు బోర్డులు పెట్టాలి. చర్చి తలుపు ఎప్పుడు తెరవాలో, ఎంతమందిని రానివ్వాలో సంఘానికే వదిలేయాలి. మరమ్మతు చేస్తే సున్నంతోనే చేయాలి. భోగాపురం, పూసపాటిరేగ, తగరపువలస బడుల పిల్లలను ఏడాదికోసారైనా ఇక్కడికి తీసుకురావాలి. విమానాశ్రయం లెక్కలు వేసే అధికారులు ఈ ఖర్చును అందులోనే కలుపుకోవచ్చు, రన్‌వే మీద పోసే కాంక్రీటు ముందు ఇదెంత?

రేవు పోయింది, మిల్లు పోయింది. మునిసిపాలిటీ కూడా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. ఇన్ని పోయిన ఊళ్లో నిలిచిన దాన్ని నిలిపింది ప్రభుత్వం కాదు, పర్యాటకులూ కాదు. వారం వారం వచ్చి తలుపు తెరిచి, బల్లలు తుడిచి, పాట పాడిన మామూలు మనుషులు. రేపు విమానం దిగే అతిథికి ఈ గుడిని చూపించే ముందు, పక్క ఊరివాళ్లుగా మనం వెళ్లి వాళ్లకు ఓ నమస్కారం పెట్టి రావాలి.