జొన్నరొట్టె పక్కన ఏముంది? నల్లని చర్మం ఆరోగ్యానికి ఒక చిన్న లెక్క



నా దగ్గర జొన్నలు కొనేవాళ్ళు ఈ మధ్య తరచుగా ఒక మాట అడుగుతున్నారు: "జొన్నరొట్టె తింటే రంగు వస్తుందా అన్నా?" రాదండి. రావాల్సిన అవసరం కూడా లేదు. ఎండలో పనిచేసే మనకు చర్మంలోని మెలనిన్ గొడుగు లాంటిది. చూసుకోవాల్సింది రంగు కాదు, ఆ చర్మం ఆరోగ్యంగా ఉందా లేదా అని.

రెండేళ్ళ కింద మా చేనుకు కలుపు తీయడానికి వచ్చే ఒక పెద్దమ్మకు మెడ చుట్టూ, రెండు చేతుల మీదా చర్మం మరీ నల్లబడి, ఎండిపోయి పొట్టు లేస్తుండేది. "ఎండకు బిడ్డా" అనేది. డిప్లొమా చదివిన నేను కూడా అదే అనుకున్నా. నల్లని చర్మం మీద ఎరుపు తొందరగా కనపడదు కదా, అందుకే ఎవరం పట్టించుకోలేదు. విరేచనాలు మొదలయ్యాక ఆస్పత్రికి తీసుకుపోతే పెల్లాగ్రా అన్నారు. అంటే బి3 విటమిన్, నియాసిన్ లోపం. ఇంట్లో ఏం తింటున్నావమ్మా అని డాక్టరు అడిగితే రెండు పూటలా జొన్నరొట్టె, కారం అని చెప్పింది. అవి నా చేనులో పండిన జొన్నలే.

ఇది కొత్త జబ్బేమీ కాదు. ఒకప్పుడు దక్కన్‌లో జొన్న మీదే బతికిన పేదల్లో కనిపించేది. ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా పిలిచే హైదరాబాద్ సంస్థలో పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో దీని గురించి రాశారు. మన శరీరం ట్రిప్టోఫాన్ నుంచి కొంత నియాసిన్ తయారు చేసుకుంటుంది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ ఆ పనికి అడ్డం వస్తుందని వాళ్ళు చెప్పారు.

అట్లని జొన్న చెడ్డదా? కాదు. ఒంటరి జొన్నతోనే ఇబ్బంది. జీవామృతం పోసి పండించాం కదా అని ఒక్క గింజలోనే అన్నీ రావు. రొట్టె పక్కన ఇవి ఉండాలి:

- పల్లీలు: 100 గ్రాముల్లో సుమారు 12 మిల్లీగ్రాముల నియాసిన్ ఉంటుంది. రోజూ ఒక గుప్పెడు చాలు, పచ్చడి చేసుకున్నా సరే.
- కందిపప్పు, పాలు, గుడ్డు: మాంసకృత్తుల కోసం. తినేవాళ్ళకు చేప, కోడిమాంసం ఇంకా మంచిది.
- మునగాకు, తోటకూర: వీటి బీటా కెరోటిన్ నుంచి విటమిన్ ఎ వస్తుంది. అది తగ్గితే చర్మం ఎండి గరుకెక్కుతుంది. కాస్త నూనె వేసి వండండి.
- ఉసిరి, జామ: విటమిన్ సి. చర్మం గట్టిగా ఉండడానికి, పుండ్లు మానడానికి.

విటమిన్ డి సంగతి వేరు. నల్లని చర్మానికి దాన్ని తయారు చేసుకోవడానికి ఎండ కొంచెం ఎక్కువసేపు కావాలి. పొలంలో మనకు దొరుకుతుంది, పట్నంలో గదుల్లో చదివే మన పిల్లలకే దొరకదు. సెలవులకు వస్తే చేనుకు తీసుకెళ్ళండి.

పెద్దమ్మకు డాక్టరు మాత్రలిచ్చారు, తిండి మార్చమన్నారు. కొన్ని వారాల్లో చేతులు మెత్తబడ్డాయి, రంగు మాత్రం ఎప్పటి నలుపే, నిగనిగలాడుతూ. ఇప్పుడు కూలితో పాటు కందులు, పల్లీలు కూడా ఇస్తున్నా.

మెడకు, చేతులకు రెండు వైపులా ఒకేలా నల్లటి పొట్టు లేస్తుంటే క్రీములు రాసుకుంటూ కూర్చోకండి, డాక్టరుకు చూపించండి. రోజూ మందు తాగేవాళ్ళు ఇంట్లో ఉంటే మరీ జాగ్రత్త, వాళ్ళలో కూడా ఈ లోపం వస్తుంది.

రెండు సాళ్ళు జొన్న, ఒక సాలు కంది, గట్టు మీద మునగ ఎట్లా వేశానో వీడియోలో చూపించాను. చూసి మీ చేనులో ఏం కలిపి వేస్తున్నారో రాయండి.