పెళ్లికొడుకు మొహం మీద పాప్-అప్: ఎందుకొస్తుంది? ఎలా ఆపాలి?

మా పిన్ని మనవరాలి పెళ్లి డల్లాస్‌లో. అక్కడ రాత్రి ముహూర్తమంటే మనకి పొద్దున్న. వెళ్లలేని పెద్దవాళ్లందరం కాకినాడలో పిన్ని ఇంట్లో చేరి, ఇడ్లీలు తింటూ యూట్యూబ్ లైవ్‌లో పెళ్లి చూస్తున్నాం. ల్యాప్‌టాప్ నాది. హెచ్‌డీఎంఐ వైరుతో దాన్ని టీవీకి తగిలించిన ఘనత కూడా నాదే. తెరసెల్లా పట్టుకుని ఉంది, పురోహితుడి గొంతు పెరిగింది, జీలకర్ర-బెల్లం చేతుల్లోకి తీసుకున్నారు. సరిగ్గా అప్పుడు పెళ్లికొడుకు మొహాన్ని కప్పేస్తూ ఎర్రటి డబ్బా ఒకటి ఊడిపడింది: మీ యాంటీవైరస్ గడువు మూడు రోజుల్లో ముగుస్తుంది, వెంటనే రెన్యూ చేసుకోండి.

కంగారులో ఇంటూ గుర్తు నొక్కబోయి రెన్యూ మీద నొక్కాను. బ్రౌజర్లో డబ్బులు కట్టే పేజీ తెరుచుకుంది, పెళ్లి దాని వెనక్కి పోయింది. వెతుక్కుని మళ్లీ తెచ్చేసరికి అక్షింతలు పడుతున్నాయి. లైవ్‌ని వెనక్కి జరిపి చూపించాను కానీ, "వీడియో వెనక్కి తిరుగుతుందిరా, ముహూర్తం తిరుగుతుందా?" అంది పిన్ని. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఆవిడే వేసిన ఇంకో ప్రశ్నకి మాత్రం ఉంది.

"మనం పెళ్లి చూస్తున్నామని దానికి తెలీదట్రా?"

తెలీదు. తెలుసుకోవాలనుకుంటే మార్గం ఉంది.

కంప్యూటర్ దృష్టిలో సినిమా అనేది లేదు, కిటికీలే ఉన్నాయి. యూట్యూబ్‌నో వీఎల్‌సీనో తెరంతా పరిచినప్పుడు అంచులు, పైనున్న పట్టీ తీసేసి ఒక కిటికీని తెర కొలతకి సాగదీస్తారు, అంతే. విండోస్‌లో ఏ ప్రోగ్రామైనా తన కిటికీకి "అన్నిటికన్నా పైన" అన్న గుర్తు తగిలించుకోవచ్చు. యాంటీవైరస్ పాప్-అప్‌లు ఎక్కువగా ఆ గుర్తుతోనే వస్తాయి. పైన ఉండేది పైనే కనబడుతుంది, కింద పెళ్లి జరుగుతున్నా సరే.

పోనీ, చూస్తున్నవాళ్లని కదపకుండా ముందు అడిగే పద్ధతి లేదా? 2007లో విండోస్ విస్టా వచ్చినప్పటి నుంచీ ఉంది. "ఇప్పుడు వినియోగదారుణ్ణి పలకరించవచ్చా?" అని ఏ ప్రోగ్రామైనా విండోస్‌ని అడగవచ్చు. తెరంతా పరుచుకున్న ప్రోగ్రామ్ నడుస్తోందనో, ఆట ఆడుతున్నారనో, ప్రెజెంటేషన్ ఇస్తున్నారనో, ఖాళీగానే ఉన్నారు పలకరించమనో విండోస్ చెబుతుంది. అయితే అడిగి తీరాలన్న నిర్బంధం లేదు. మర్యాద తెలిసినవాడు తలుపు కొట్టి వస్తాడు, తెలియనివాడు తోసుకుని వస్తాడు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. సినిమా చూసేటప్పుడు గంటల తరబడి మౌస్ ముట్టుకోం, కీబోర్డు ముట్టుకోం. చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నారన్నదాన్ని బట్టే మనిషి ఉన్నాడో లేడో లెక్కవేసే ప్రోగ్రాములకి మనం లేచి వెళ్లిపోయినట్టే. ఇదే మంచి సమయమని స్కాన్ మొదలెడతాయి, అప్‌డేట్ దించుకుంటాయి, పనయ్యాక ఆ సంగతి చాటుతాయి. సినిమా మధ్యలో తెర ఆరిపోకపోవడానికి కారణం కూడా మనం కూర్చుని ఉన్నామని విండోస్ గమనించడం కాదు. "తెర ఆర్పకు" అని వీడియో ప్లేయర్ దానికి ప్రత్యేకంగా చెప్పుకుంటుంది.

"మావాడు ఆట ఆడుతుంటే ఆట మొత్తం కిందికి పోతుందేం?"

మా తమ్ముడి సందేహం ఇది. కొన్ని ఆటలు, ముఖ్యంగా పాతవి, తెర మీద పూర్తి హక్కు తమకే రాయించుకుంటాయి. వేరే కిటికీ వచ్చి కీబోర్డు, మౌస్ అదుపు లాక్కుంటే ఆ హక్కు రద్దవుతుంది, ఆట టాస్క్‌బార్‌లోకి కుంచించుకుపోతుంది. ఆట సెట్టింగ్స్‌లో "బోర్డర్‌లెస్" అనే రకం ఉంటే అది ఎంచుకోమన్నాను. పాప్-అప్ రావడం మానదు గానీ ఆట కిందికి పోదు.

"అంత కొంపలు మునిగే సంగతులేం చెబుతుంది అది?"

ఇక్కడ కాస్త నిలబడాలి. యాంటీవైరస్ మాటలు రెండు రకాలు. దొంగ దొరికాడు, ఏం చేయమంటావు అన్నది ఒకటి. అది వినాలి. నేనున్నాను, బాగా పని చేస్తున్నాను, డబ్బులు కట్టు అన్నది రెండోది. నా అనుభవంలో రెండోదే ఎక్కువ.

కారణం వాళ్ల వ్యాపారంలోనే ఉంది. మంచి కాపలాదారు ఉన్నట్టే తెలియకూడదు. ఉన్నట్టే తెలియకపోతే ఏడాది చివర డబ్బెందుకు కట్టాలని మనకి తోస్తుంది. అందుకే అప్పుడప్పుడూ దగ్గుతుంటాడు. ఉచితంగా ఇచ్చే వాటికైతే ఆ దగ్గే బతుకుతెరువు. ఎర్ర గొడుగు బొమ్మ ఉన్న అవీరా ఉచిత వెర్షన్ ఒకప్పుడు రోజూ ఒక ప్రకటన చూపించేది. అవాస్ట్ అయితే ఏకంగా మాట్లాడేది. ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత ఇచ్చి కూర్చున్న తరానికి "వైరస్ డేటాబేస్ హాజ్ బీన్ అప్‌డేటెడ్" అన్న ఆ గొంతు ఇప్పటికీ చెవిలో ఉండే ఉంటుంది. పక్క కుర్చీలోవాడు ఉలిక్కిపడేవాడు. ఒక గొంతు ఆగితే ఇంకో దాంట్లో లేచేది, సెంటర్ అంతా కోరస్.

పరిస్థితి కొంత మారింది. 2009లో మైక్రోసాఫ్ట్ తన యాంటీవైరస్‌ని ఉచితంగా ఇచ్చింది, 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి అది విండోస్‌లోనే భాగమైంది. దాన్నే మనం డిఫెండర్ అంటున్నాం. కొత్త ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చే ట్రయల్ యాంటీవైరస్ గడువు తీరాక రోజూ పోరు పెడుతుంటే, మీకు అది అక్కర్లేదనుకుంటే, తీసి పారేయండి. అది వెళ్లిపోగానే డిఫెండర్ తనంతట తానే కాపలాకి వస్తుంది. కట్టని చందాకి రోజూ చీవాట్లు తినడం దేనికి? మా ఇంట్లో నేను చేసింది ఇదే.

"ముందు ఎక్కడ మొదలెట్టాలి?"

పాప్-అప్ రాగానే మూసేయకండి. ఒక్క క్షణం ఆగి, మాట్లాడుతున్నది ఎవరో చూడండి. ఫోన్ చేసి "యాంటీవైరస్ గోల పెడుతోంది" అన్నవాళ్ల కంప్యూటర్లు నేను చూసినప్పుడు, సగానికి సగం అది యాంటీవైరస్ గోల కాదు.

డబ్బా మీద చిన్న అక్షరాల్లో గూగుల్ క్రోమ్ అనో ఎడ్జ్ అనో ఉండి, దాని కింద ఏదో వెబ్‌సైట్ చిరునామా ఉంటే, అది ఆ వెబ్‌సైట్ పంపింది. ఎప్పుడో కొత్త సినిమా ఉచితంగా చూపిస్తామన్న సైట్‌కి వెళ్లుంటారు. "మీరు రోబో కాదని రుజువుకి అలో నొక్కండి" అని ఉంటుంది. నొక్కారు. ఆ నొక్కుడు మీరు రోబో కాదనడానికి రుజువు కాదు, నోటిఫికేషన్లు పంపుకోమని వాళ్లకిచ్చిన అనుమతి. అప్పటినుంచి "మీ కంప్యూటర్లో 5 వైరస్‌లు" అంటూ, పేరున్న కంపెనీ బొమ్మ పెట్టి మరీ పంపిస్తుంటారు. వైరస్ లేదు, వాళ్లు చూసిందీ లేదు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిస్తే అనుమతి పొందిన సైట్ల జాబితా ఉంటుంది. మీకు తెలియని పేర్లన్నీ తీసేయండి. "నోటిఫికేషన్లు పంపవచ్చా?" అని ఏ సైట్ కూడా అడగకుండా చేసే వీలు కూడా ఆ పేజీలోనే ఉంది. అది పెట్టుకుంటే మళ్లీ ఈ బెడద ఉండదు.

బ్రౌజర్ పేరు లేకుండా తెర కుడి కింది మూల నుంచి జారుకుంటూ వచ్చి, కాసేపటికి తనే పోతే అది విండోస్ ద్వారా వచ్చిన నోటిఫికేషన్ అయ్యుంటుంది. అచ్చం తన రంగులు, తన బొత్తాలు, తన ముద్రతో ఎక్కడ పడితే అక్కడ వెలిసేది యాంటీవైరస్ స్వయంగా గీసుకున్న కిటికీ. ఈ తేడా తెలియడం ఎందుకంటే రెంటికీ మందు వేరు.

విండోస్ ద్వారా వచ్చేవాటికి మందు విండోస్‌లోనే ఉంది. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లండి. "డు నాట్ డిస్టర్బ్" తనంతట తాను ఎప్పుడు మొదలవాలో ఎంచుకునే చోటు ఉంటుంది. ఆట ఆడుతున్నప్పుడు, తెరని ఇంకో తెర మీద చూపిస్తున్నప్పుడు, ఏదైనా యాప్ ఫుల్ స్క్రీన్‌లో ఉన్నప్పుడు: ఈ మూడింటికీ టిక్కు పెట్టండి. విండోస్ 10లో ఇదే "ఫోకస్ అసిస్ట్" పేరుతో ఉంటుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిందని కూడా గుర్తుంచుకోండి. పాప్-అప్‌ల కన్నా అది పెద్ద సమస్య.

డిఫెండర్ "స్కాన్ చేశాను, ఏమీ దొరకలేదు" అని మాటిమాటికీ చెబుతుంటే విండోస్ సెక్యూరిటీ తెరిచి, ఎడమవైపు కిందనున్న సెట్టింగ్స్‌లో మేనేజ్ నోటిఫికేషన్స్ నొక్కండి. ఇటీవలి పనులు, స్కాన్ ఫలితాలు అన్న మొదటి టిక్కు తీసేస్తే చాలు. దొంగ దొరికినప్పటి మాట అలాగే ఉంచండి.

ఇక స్వయంగా కిటికీ గీసుకునే యాంటీవైరస్‌కి విండోస్ ఆజ్ఞ వినబడదు. టిక్కులన్నీ పెట్టాను, అయినా వస్తోందని తల పట్టుకునేవాళ్ల కథ ఇదే. దాని నోరు దాని సెట్టింగ్స్‌లోనే మూయాలి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది: నార్టన్‌లో సైలెంట్ మోడ్, అవాస్ట్‌లో డు నాట్ డిస్టర్బ్, ఈసెట్‌లో గేమర్ మోడ్. బిట్‌డిఫెండర్‌లో అయితే సినిమాకి వేరే ప్రొఫైల్, ఆటకి వేరే ప్రొఫైల్. వెర్షన్ మారినప్పుడల్లా మెనూలు అటూ ఇటూ అవుతుంటాయి కాబట్టి, గడియారం పక్కనున్న దాని బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ఈ పేర్లలాంటిది వెతకండి. లేదంటే సెట్టింగ్స్‌లో "నోటిఫికేషన్స్" అన్న చోట చూడండి. ఆఫర్లు, ప్రకటనలు అన్న మాట కనిపిస్తే తీసేయండి. డబ్బు కట్టనివాళ్లకి కొన్ని కంపెనీలు ఆ బొత్తాం పనిచేయనివ్వవు. ఆ పని చేసేదాన్ని ఇంట్లో ఉంచుకోవాల్సిన అవసరం నాకైతే కనబడదు.

"నోరు మూయిస్తే కాపలా కూడా పోదూ?"

పోదు. సైలెంట్ మోడ్ మాటలని ఆపుతుంది, చూపుని కాదు. చెడ్డ ఫైల్ వస్తే వెనకాల పట్టుకుంటూనే ఉంటుంది. అప్‌డేట్లు, పెద్ద స్కాన్లు వాయిదా పడవచ్చు, అంతే. గోల భరించలేక యాంటీవైరస్‌నే ఆపేసి సినిమా చూసేవాళ్లున్నారు. అది ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం.

టీవీకి వైరు తగిలించేవాళ్లకి ఇంకో ఉపాయం. విండోస్ గుర్తున్న కీతో పాటు పీ నొక్కితే నాలుగు రకాలు చూపిస్తుంది. మామూలుగా మనం డూప్లికేట్‌లో ఉంటాం, అంటే ల్యాప్‌టాప్‌లో ఉన్నదే టీవీలోనూ. దాన్ని ఎక్స్‌టెండ్‌కి మార్చి, ల్యాప్‌టాప్‌ని ప్రధాన తెరగా ఉంచి, వీడియో కిటికీని టీవీ మీదికి జరిపి ఫుల్ స్క్రీన్ చేయండి. విండోస్ నోటిఫికేషన్లు ప్రధాన తెర మీదే పడతాయి. టీవీలో పెళ్లి, ల్యాప్‌టాప్‌లో వాటి సొద. ఆ వేళ నాకు ఈ బుద్ధి పుట్టలేదు.

చివరిగా, నవ్వుకోవడానికి వీల్లేని రకం ఒకటుంది. వెబ్ పేజీయే తెరంతా ఆక్రమించి, సైరన్ మోగించి, "కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి" అంటుంది. ఫోన్ నంబరు చూపించే వైరస్ హెచ్చరిక మోసం. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. ఫోన్ చేయకండి, దేని మీదా నొక్కకండి. ఎస్కేప్ కీని కొన్ని క్షణాలు అలాగే నొక్కి పట్టండి. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని మూసేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు కావాలా అంటే వద్దనండి. ఇంట్లో పెద్దవాళ్లు ఈపాటికే ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకుని ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ విషయం చెప్పినందుకు వాళ్లని కోప్పడకండి, కోప్పడితే తర్వాతిసారి చెప్పరు.

పిన్ని వాళ్ల కంప్యూటర్లో కూడా ఇవన్నీ ఆదివారం కూర్చుని సరిచేసి వచ్చాను, అరగంట పట్టింది. చేత్తో పెట్టిన సైలెంట్ మోడ్‌ని కొన్నిట్లో మళ్లీ చేత్తోనే తీయాలి. విండోస్‌లో ఫుల్ స్క్రీన్ టిక్కుతో వచ్చే డు నాట్ డిస్టర్బ్‌కి ఆ పని కూడా ఉండదు, వీడియో మూయగానే తనే తొలగిపోతుంది.