కర్మాగారమున నిప్పు - అంగడిలో ధర

కంప్యూటరును విప్పి చూచినచో లోపల పచ్చని పలకపై నల్లని చిన్న బిళ్ళలు వరుసగా కనిపించును. యంత్రము పనిచేయునపుడు అంకెలను, అక్షరములను, చిత్రములను అప్పటికప్పుడు నిలిపియుంచునవి వానిలో కొన్ని. వానిని మెమరీ చిప్పులందురు. కంటికి కనబడు నల్లని భాగము చిప్పునకు తొడిగిన కవచము మాత్రమే. అసలు చిప్పు గోరంత సిలికాను పలుకు. దానికి వెంట్రుకకంటె సన్నని బంగారు తీగెలనమర్చి, తేమ తగులకుండ ఎపాక్సీ రెసిన్ అను జిగురుతో చేసిన ముద్దను చుట్టును పోసి గట్టిపరతురు. చిప్పు వెలతో పోల్చినచో ఆ జిగురు వెల లెక్కలోనికి రాదు. అయినను 1993లో ప్రపంచమందలి కంప్యూటరు వర్తకమును కలవరపెట్టినది ఆ జిగురే.

జపాను దేశమున షికోకు దీవిలో నీహామా అను పట్టణము కలదు. అచ్చటి సుమిటోమో కెమికల్ సంస్థవారి కర్మాగారమున 1993 జూలై 4వ తేదిని పేలుడు సంభవించి మంటలు చెలరేగెను. ఒక కార్మికుడు ప్రాణములు కోల్పోయెను. రెసిన్ తయారగు శాల పాడయ్యెను. చిప్పుల కవచములకు వాడు మేలితరగతి రెసిన్‌లో ప్రపంచమునకు కావలసినదానిలో సుమారు 60 శాతము అచ్చటినుండియే వచ్చుచుండెను. చిప్పులు చేయు సంస్థలు జపానులో, కొరియాలో, అమెరికాలో పెక్కు కలవు. అవి ఒకదానితో నొకటి పోటీపడుచుండును. కాని వానిలో ననేకములకు జిగురు ఒకే పొయ్యిమీదనుండి వచ్చుచున్నదని కంప్యూటరు కొనువారికి అంతవరకు తెలియదు.

ఆ జిగురును మరియొకచోట కొనరాదా యని అడుగవచ్చును. ఇది కుర్చీకాలు అతికించు జిగురు వంటిది కాదు. ఇందు క్లోరిను వంటి మలినములు లవలేశమున్నను అవి తేమతో కలిసి చిప్పులోని లోహపు గీతలను తినివేయును. కావున క్రొత్త రెసిన్‌ను వేడిలోను, తేమలోను చాలకాలము పరీక్షించినగాని చిప్పుల తయారీదారులు దానిని అంగీకరింపరు.

ప్రమాదవార్త వెలువడిన కొలదిదినములలోనే మెమరీ ధరలు ఎగబ్రాకెను. కొన్ని వారములలో బహిరంగ విపణిలో దాదాపు రెట్టింపయ్యెను. విచిత్రమేమనగా, రెసిన్ లేక ఏ చిప్పుల కర్మాగారమును అప్పటికి మూతపడలేదు. నిలువయున్న రెసిన్‌తోనే పని సాగుచుండెను. తుపాను రానున్నదని వినగానే సంతలో ఉల్లిపాయల ధర పెరుగుట మనమెరుగనిదా? అచ్చటను అట్లే జరిగెను. దళారులు సరకు బిగబట్టిరి. రేపు దొరకదేమోయని వర్తకులు అవసరమునకు మించి కొనిరి. పెద్ద సంస్థలకు ముందుగా చేసికొన్న ఒప్పందముల అండ యుండెను. ఏనాటి ధరకు ఆనాడు అంగడిలో కొని కంప్యూటర్లు కూర్చి అమ్ముకొను చిన్నవారిమీదనే భారమంతయు పడెను.

ఇతర తయారీదారుల తోడ్పాటుతో రెసిన్ సరఫరా నిలబడెను. భయపడిన కరవు రాలేదు. ఎక్కిన ధరలు మాత్రము తొందరగా దిగలేదు. అందుకు నిప్పొక్కటే కారణమనుట సరికాదు. ఆ యేండ్లలో కంప్యూటర్లకు గిరాకి పెరుగుచుండెను. క్రొత్త కర్మాగారముల సరకు వెల్లువెత్తిన పిమ్మట, 1996లో ధరలు కుప్పకూలెను.

చైనాలోని వూషీ నగరమున 2013 సెప్టెంబరు 4న జరిగిన అగ్నిప్రమాదము వేరు రకమైనది. అచ్చట కాలినది చిప్పులు చేయు కర్మాగారమే. అది కొరియాకు చెందిన ఎస్.కె. హైనిక్స్ సంస్థది, ప్రపంచపు మెమరీ చిప్పులలో పదింట ఒక వంతుకు పైగా అచ్చట తయారగుచుండెను. మంటలు రెండు గంటలలోపే ఆరెను. కాని చిప్పులు చేయు గదులలో గాలిని వడకట్టి, ధూళికణము చొరకుండ కాపాడుదురు. అట్టిచోట మంటకంటె పొగయే చేటు. పైగా సిలికాను పలక వందలకొలది దశలు దాటి చిప్పుగా మారుటకు రెండు మూడు నెలలు పట్టును. నేడు చెడిన పలకకు బదులు రేపు మరియొకటి రాదు. ఆ మారు కూడ ధరలు వెంటనే పెరిగెను. ఆ పెరుగుదల వట్టి భయమువలన కలిగినది మాత్రము కాదు.

అంతకు మూడేండ్లు ముందు, 2010 డిసెంబరు 8న, జపానులోని యొక్కాయిచిలో నిప్పును లేదు, పొగయు లేదు. అచ్చటి తోషిబా కర్మాగారమునకు వచ్చు విద్యుత్తు 0.07 సెకను కాలము తగ్గెను. అది రెప్పపాటు కూడ కాదు. సెల్‌ఫోనులలోను, కెమెరాలలోను వాడు మెమరీ చిప్పుల సరఫరా జనవరి, ఫిబ్రవరి నెలలలో 20 శాతము వరకు తగ్గవచ్చునని ఆ సంస్థ ప్రకటించెను.